రొమ్ము క్యాన్సర్: యాభై దాటిన మహిళలకు అవగాహన ఎందుకు కీలకం?

ముట్టు ఆగిపోయాక రొమ్ము సమస్యల భయం తీరినట్లేనని చాలామంది పెద్ద వయసు మహిళలు భావిస్తారు. వాస్తవం ఇందుకు విరుద్ధం. వయసు పెరిగేకొద్దీ రొమ్ము క్యాన్సర్ ముప్పు కూడా పెరుగుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో భారతదేశంలో సుమారు 1,92,000 కొత్త కేసులు నమోదు కాగా, సుమారు 98,000 మంది మరణించారు.

ముంబయి అధ్యయనం ఏం తేల్చింది?

టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998లో ముంబయి మురికివాడల్లో ఒక సుదీర్ఘ అధ్యయనాన్ని ప్రారంభించింది. 35 నుంచి 64 ఏళ్ల మధ్య వయసు గల దాదాపు 1,50,000 మంది మహిళలు ఇందులో పాల్గొన్నారు. వారిని రెండు వర్గాలుగా విభజించారు. ఒక వర్గంలోని వారికి శిక్షణ పొందిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి, నాలుగు విడతలుగా రొమ్ములను చేతితో పరీక్షించి, వ్యాధి లక్షణాలను వివరించారు. మరో వర్గానికి ఒకసారి అవగాహన మాత్రమే కల్పించారు.

ఫలితాలు 2021లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడ్డాయి. పరీక్షలు జరిగిన వర్గంలో, 50 ఏళ్లు, అంతకు పైబడిన వారిలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. 50 ఏళ్లలోపు వారిలో చెప్పుకోదగిన తగ్గుదల కనిపించలేదు. ఖరీదైన మామోగ్రఫీ యంత్రాలు లేకుండానే ఈ ఫలితం సాధ్యమైంది.

లెక్కల్లో లేని వయసు

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30-49 ఏళ్ల మహిళల్లో ఎప్పుడైనా రొమ్ము పరీక్ష చేయించుకున్నవారు 0.9 శాతమే. 49 దాటిన మహిళల విషయంలో ఈ పరీక్ష వివరాలను ఆ సర్వే సేకరించనే లేదు. 2016 నాటి కేంద్ర మార్గదర్శకాలు 30-65 ఏళ్ల మహిళలకు అయిదేళ్లకోసారి పరీక్ష జరపాలని సూచించాయి. 65 దాటిన వారి విషయంలో అవగాహనే ప్రధాన రక్షణ.

గమనించవలసిన లక్షణాలు

- రొమ్ములో లేదా చంకలో కొత్తగా గడ్డ. తొలి దశలో తరచుగా నొప్పి ఉండదు
- చర్మం సొట్ట పడటం, నారింజ తొక్కలా గరుకుగా మారడం
- చనుమొన లోపలికి పోవడం, రక్తం లేదా ద్రవం కారడం
- మానని పుండు, రొమ్ము ఆకారంలో మార్పు

ప్రతి గడ్డా క్యాన్సర్ కాదు. అయితే నొప్పి లేదన్న కారణంతో వేచి చూడటం ప్రమాదకరం. వైద్యుని సంప్రదించిన 60 రోజుల్లోగా వ్యాధి నిర్ధారణ పూర్తి కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది.

ఎలా బోధించాలి?

చదువు రాని వారికి కరపత్రం చాలదు. ఆశా కార్యకర్త లేదా ఏఎన్ఎం మరుగైన చోట, వారి మాటల్లోనే వివరించి, చేతితో తాకి చూసే విధానాన్ని చూపాలి. సిగ్గు, ఖర్చు భయం, కుటుంబానికి భారమవుతామన్న సంకోచం ఆలస్యానికి కారణమవుతాయి. అందువల్ల కూతుళ్లకు, కోడళ్లకు కూడా ఈ విషయాలు తెలియాలి. 70 ఏళ్లు నిండిన వారికి ఆయుష్మాన్ భారత్ కింద, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఏటా కుటుంబానికి 5 లక్షల రూపాయల వరకు ఉచిత వైద్య సదుపాయాన్ని కేంద్రం 2024 అక్టోబరులో ప్రారంభించింది. ఈ సమాచారం కూడా బోధనలో భాగం కావాలి.