పావు అణా కార్డు, మన సంఘం కబురు

చర్చికి వచ్చే వాళ్లందరినీ కలిపి మన ఊళ్లలో ‘సంఘం’ అంటాం. ఇప్పుడు సంఘం కబుర్లన్నీ వాట్సాప్‌లోనే. మా హాస్టల్ పిల్లలకు ఒకరోజు, మా చదువుకునే రోజుల్లో సంఘం నుంచి కార్డు వచ్చేదని చెప్పాం. “ఏ కార్డు మేడం, ఏటీఎం కార్డా?” అంది ఏడో తరగతి అమ్మాయి. అందుకే ఈ నాలుగు మాటలు.

మన దేశంలో పోస్టుకార్డు 1879 జూలై 1న మొదలైంది. ధర పావు అణా. మామూలు ఉత్తరానికి అప్పుడు అర అణా, అంటే సగం ఖర్చుతో కబురు పంపే వీలు వచ్చిందన్నమాట. ఆ ఏడాదిని మనవాళ్లు ఇంకో కారణంతో గుర్తుపెట్టుకోవాలి. రంప పితూరీ రేగింది కూడా 1879లోనే. అది భద్రాచలం వైపు రేకపల్లి దాకా పాకింది. ఒక పక్క పోలీసు ఠాణాల మీద దాడులు, ఇంకో పక్క రాణీ విక్టోరియా బొమ్మ వేసిన కార్డు! పుస్తకాల్లో ఈ రెండూ వేర్వేరు పాఠాలు; మన తాతలకు మాత్రం ఒకే కాలం.

అప్పటికే దుమ్ముగూడెంలో కోయల మధ్య చర్చ్ మిషనరీ సొసైటీ పని చేస్తోంది. గోదావరి మీద పడవల రాకపోకల కోసం ఆనకట్ట పనులు చేయించిన ఇంజనీరు హేగ్ చొరవతో అది మొదలైంది. తర్వాత వచ్చిన జాన్ కెయిన్ కోయల గురించి వ్యాసాలు రాశాడు. ఆయన రాతల్లో మనకు నచ్చనివీ ఉన్నాయి. బయటివాడు చూసిన చూపు అది. అయినా చదవండి, ఎందుకంటే ఆ కాలంలో మనవాళ్లు తమ గురించి తాము రాసుకున్నది చాలా తక్కువ.

ఆ తక్కువలో కార్డులు ఒకటి. మా చిన్నప్పుడు కార్డు పదిహేను పైసలు. ఊళ్లో చదువు వచ్చినవాళ్లు ఇద్దరు ముగ్గురే. సంఘపెద్ద ఆదివారం ఆరాధన అయ్యాక చెట్టు కింద కూర్చుంటే, పెద్దవాళ్లు కోయ మాటల్లో చెప్పేవారు, ఆయన తెలుగులో రాసేవాడు. తెలుగులో మాట దొరకనప్పుడు కోయ మాటనే తెలుగు అక్షరాల్లో పెట్టేవాడు. ‘ప్రభువునందు వందనములు’ అని మొదలుపెట్టి పాస్టరు గారు ఎప్పుడొస్తారో, క్రిస్మస్‌కు ఎవరింటి నుంచి బియ్యం వచ్చాయో, ఎవరి ఆవు ఈనిందో, అన్నీ ఆ అరచేతంత చోటులోనే. చోటు చాలకపోతే అంచుల వెంబడి అడ్డంగా రాసేవాడు. కార్డుకు కవరు లేదు కాబట్టి దాపరికమూ లేదు. పోస్టుమాన్ సంతలో ఎదురైతే కార్డు ఇవ్వకముందే విషయం చెప్పేసేవాడు! వాగులు పొంగితే పది రోజులు ఆలస్యం. పండక్కి రమ్మన్న కార్డు పండగ అయ్యాక అందిన ఏడాదీ ఉంది.

శుభవార్త కార్డుకు నాలుగు మూలలా పసుపు రాసేవారు, చర్చి ఇళ్లలో కూడా. చావు కబురు కార్డును చదివిన వెంటనే చింపేసేవారు, ఇంట్లోకి రానిచ్చేవారు కాదు. చరిత్ర వెతికేవాళ్లకు ఇది పెద్ద చిక్కు. పాత ట్రంకు పెట్టెల్లో పెళ్లి కార్డులు దొరుకుతాయి, మరణాలవి దొరకవు. ఏ ఏడాది జ్వరాలకు ఎందరు పోయారో చెప్పగల కాగితం మనమే చింపుకున్నాం.

మేము ఏడో తరగతిలో ఉండగా అలాంటి కార్డే మా పేరున వచ్చింది. అప్పటి టీచరు చదివి, ఆనవాయితీ ప్రకారం చింపేసి, “మీ నానమ్మ పోయింది, ఇంటికి వెళ్లు” అన్నారు. వాళ్ల తప్పేమీ లేదు. కానీ సంఘపెద్ద దాంట్లో ఇంకేం రాశాడో మాకు తెలియకుండానే పోయింది. వెళ్లేసరికి సమాధి మీద మట్టి కూడా ఆరింది.

ఇప్పుడు కార్డు యాభై పైసలు. మీ ఇళ్లలో పాతవి ఉంటే పారేయకండి. రెండు వైపులా ఫోటో తీయండి, తపాలా ముద్రలో తేదీ కనబడేలా. రాసింది ఎవరో, రాయించింది ఎవరో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి పక్కన పెట్టుకోండి. మా దగ్గర ఆ సంఘపెద్ద చేతిరాత ఉన్న కార్డులు మూడే మిగిలాయి. ఒకదాని అంచున, చోటు చాలక, అడ్డంగా రాసి ఉంది: నానమ్మ నిన్ను అడిగింది.