బిరుదమును పురస్కారమును

హైదరాబాదు పాతబస్తీలో మూసీనదికి దక్షిణతీరమున సాలారుజంగు వస్తుప్రదర్శనశాల కలదు. దూరదేశములనుండి వచ్చి దానిని చూచువారు సాలారుజంగనునది యొక మనుష్యుని పేరని తలంతురు. అది పేరు కాదు, బిరుదము. 1853 మొదలు 1883 వఱకు నిజాము రాజ్యమునకు దివానుగా నుండిన మీర్ తురాబ్ అలీఖానునకు జంగు, దౌలా, ముల్కు అను మూడు మెట్ల బిరుదములును క్రమముగా లభించినవి. సాలారుజంగు, షుజావుద్దౌలా, ముఖ్తారుల్ముల్కు అనునవి యవి. లోకులు పైమెట్లు రెంటిని విడిచి మొదటిమెట్టునే నిలుపుకొనిరి. కొడుకును, మనుమడును ఆ బిరుదముతోడనే వ్యవహరింపబడిరి. ప్రదర్శనశాలలోని వస్తుసంచయమున నధికభాగమును గూర్చి 1949లో మృతిచెందిన మనుమని పేరు మీర్ యూసుఫ్ అలీఖాను. ఈ పేరు నెఱిగినవారు నేడు కొలదిమంది. బిరుదము పేరును మ్రింగుట యనగా నిదియే.

ఆ రాజ్యమున బిరుదములకు సోపానక్రమ మొకటి యుండెను. ఖాను, జంగు, దౌలా, ముల్కు, ఉమ్రా, జాహ్ అని ముసల్మానులకును, రాయి, రాజా, రాజాబహద్దరు, మహారాజా మున్నగునవి హిందువులకును ఇచ్చుచుండిరి. జంగనగా యుద్ధము. యుద్ధభూమి నెన్నడు నెఱుగని యుద్యోగులకును ఆ పదము తగిలింపబడినది. నిజాంసాగరమువంటి జలాశయములను నిర్మించిన మీర్ అహమ్మద్ అలీ యను శిల్పశాస్త్రవేత్త అలీనవాజుజంగయ్యెను. నగరమునకు కొత్వాలుగా నుండి కీర్తిగన్న వేంకటరామారెడ్డి రాజాబహద్దరయ్యెను. బిరుదము లిచ్చువాడును మఱియొకరియొద్ద పుచ్చుకొన్నవాడే. నిజాముల్ముల్కు, ఆసఫ్‌జా అను పదములు ఢిల్లీనుండి వచ్చినవి. 1918లో ఏడవ నిజామునకు హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్ అను మర్యాదాపదము లండనునుండి వచ్చినది.

ఈ క్రమమున క్రీడలకు చోటెక్కడ? దొరకకపోలేదు. పాయిగా వంశీయుడగు నవాబు మొయినుద్దౌలా పేర 1930-31లో హైదరాబాదున క్రికెట్టు పోటీలు మొదలైనవి. బంగారుగిన్నె ఆ బిరుదమును మోయుచున్నది. గెలిచిన యాటగాండ్ర పేర్లు పట్టికలలో నున్నవి. బిరుదము పోషకునిది, శ్రమ యాటగానిది. పాతబస్తీలోని తాలీముఖానాలలో మల్లురకు పహిల్వాను, ఉస్తాదు అను మాటలు ఫర్మానా లేకయే చెల్లుచుండెను. తెలుగునాట తూర్పున వీరఘట్టమున బుట్టిన కోడి రామమూర్తినాయుడు (1882-1942) కలియుగభీముడని ప్రజలచే పిలువబడెను. ఇట్టివి జనదత్తములు. వీనికి మెట్లు లేవు, వీనిని రద్దుచేయు నధికారియు లేడు.

నిజాము రాజ్యమునకు వెలుపలి తెలుగువారిలో నిద్దఱి కథ యిచట ప్రసక్తము. విజయనగర మహారాజకుమారుడు, పూసపాటి విజయానంద గజపతిరాజు, 1936లో ఇంగ్లండునకు బోయిన భారతజట్టునకు నాయకుడు. ఆ యేటనే ఆంగ్లప్రభుత్వము సర్ అను బిరుద మొసగెను. ఆయన ఆ పర్యటనమున మూడు టెస్టులలో కూర్చిన పరుగులు 33. ఆ జట్టులోనే ఆయన నాయకత్వమున నాడిన కొట్టారి కనకయ్యనాయుడు నాగపురమున స్థిరపడిన తెలుగుకుటుంబమువాడు, 1932లో భారతదేశపు మొదటి టెస్టుజట్టును నడిపినవాడు. ఆయనకు సర్ లేదు. హోల్కరు సేనలోని కర్నలు పదము మాత్ర ముండెను. 1947 జూలైలో రాజకుమారుడు స్వతంత్రభారతాదర్శమునకు సరిపడదని సర్ బిరుదమును వదలుకొనెను. ఈ త్యాగమును చిన్నదిగా నెంచరాదు. స్వాతంత్ర్యము వచ్చిన తరువాతను దానిని పేరునకు ముందు దాల్చినవారు కలరు. పిదప స్వదేశప్రభుత్వము నాయుడునకు 1956లోను, రాజకుమారునకు 1958లోను పద్మభూషణము నొసగెను. ఆటలో నిద్దఱికిని గల యంతర మెఱిగినవారికి ఈ సమత్వము వింతగా దోపకపోదు.

అయితే బిరుదములను రద్దుచేసిన దేశమున పద్మభూషణ మెట్లు వచ్చినది? రాజ్యాంగమునందలి 18వ యనుచ్ఛేదము సైనిక విద్యావిషయక గౌరవములు తక్క ఏ బిరుదమును రాజ్యము ఈయరాదని శాసించినది. 1954లో భారతరత్న పద్మవిభూషణములు నెలకొల్పబడినవి. పద్మవిభూషణమునకు తొలుత మూడు వర్గము లుండగా, 1955లో వానికి పద్మవిభూషణ, పద్మభూషణ, పద్మశ్రీ యని వేఱువేఱు పేర్లు పెట్టిరి. ఇవి బిరుదములే యను నాక్షేపణ నాటినుండియు గలదు. 1969లో ఆచార్య కృపలానీ వీనిని రద్దుచేయ బిల్లు ప్రతిపాదించి యోడిపోయెను. 1977లో జనతాప్రభుత్వము వీనిని నిలిపివేసెను, 1980లో ఇందిరాగాంధి ప్రభుత్వము పునరుద్ధరించెను. తుదకు 1995 డిసెంబరులో బాలాజీ రాఘవన్ వ్యాజ్యమున సర్వోన్నతన్యాయస్థానము, ఇవి బిరుదములు కావనియు, కాని పేరునకు ముందుగాని వెనుకగాని చేర్పరాదనియు తీర్పు చెప్పెను. ఒక తెలుగు చలనచిత్రపు పేర్లపట్టికలో పద్మశ్రీని నటుల పేర్లకు ముందు చేర్చినందున 2013లో ఆంధ్రప్రదేశ్ ఉన్నతన్యాయస్థానమున వ్యాజ్యము నడచుటకు ఈ తీర్పే యాధారము.

న్యాయమూర్తు లెఱిగి చేసిరో లేదో కాని, ఆ తీర్పు వ్యాకరణ సమ్మతము. బిరుదశబ్దము సంస్కృతమున విరుదమనియు వ్రాయబడును. గద్యపద్యములు కలిసిన రాజస్తుతికి ఆ పేరని సాహిత్యదర్పణకారుడు విశ్వనాథుడు చెప్పెను. అనగా తొలుత నది ప్రజలనుండి రాజునకు ఎక్కిన మాట. తరువాత రాజునుండి ప్రజలకు దిగినది. దిగినది పేరుతో సమసించి, యొక్కొక్కపుడు పేరునే లోపింపజేసి, తానే నామమైనది. పురస్కారమన్ననో, పురస్ అను నవ్యయముతోడి కృధాతువునకు గలిగిన రూపము. పురశ్శబ్దమునకు గతిసంజ్ఞ కలిగి, విసర్గమునకు సకారము వచ్చుట పాణినీయసిద్ధము. అర్థము ముందు నిలుపుట. అది క్రియ, జరిగి ముగియును. ముందు నిలుపబడినవాని పేరు మునుపటి పేరే. బిరుదము నామాంగము, పురస్కారము నామమునకు బహిరంగము. న్యాయస్థానము గీచిన గీటును ఇచ్చటనే యున్నది.

ఆ గీటునకు నిదర్శనము పాతబస్తీనుండియే చూపవచ్చును. సయ్యద్ అబ్దుల్ రహీము 1909లో హైదరాబాదున బుట్టెను. ఉపాధ్యాయవృత్తి నవలంబించి కాచిగూడ మాధ్యమికపాఠశాలలోను, దారుల్ ఉలూం, చాదర్‌ఘాటు ఉన్నతపాఠశాలలలోను పనిచేసెను. దారుల్ ఉలూం విద్యాలయమును స్థాపించినవాడు మొదటి సాలారుజంగే యని గుర్తింపదగును. 1950 మొదలు హైదరాబాదు నగరపోలీసు ఫుట్‌బాలుజట్టునకు రహీము శిక్షకుడు. ఆ జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా నైదుమాఱులు రోవర్సు కప్పు గెలిచినది. ఆయన బోధనవిధానము బడిపంతులు విధానమే. బలహీనమైన కాలితోనే బంతిని తన్నవలెనను నిబంధనతోను, బంతిని తానే నడుపుకొనిపోరాదను నిబంధనతోను పోటీలు జరిపించెను. వేదాధ్యాపకుడు సంహిత వచ్చిన శిష్యునిచే క్రమజటలు చెప్పించుట యెందులకో యీ నిబంధనములును అందులకే.

ఆయన శిక్షణమున భారతజట్టు 1951లో ఢిల్లీ ఆసియాక్రీడలందు స్వర్ణపతకము గెలిచినది. 1956లో మెల్‌బోర్ను ఒలింపిక్సున నాలుగవస్థానము పొందినది. 1962 సెప్టెంబరు 4వ తేదీన జకార్తాలో దక్షిణకొరియాను 2-1 గోళ్లతో నోడించి రెండవస్వర్ణము తెచ్చినది. అప్పటికే రహీము పుట్టకురుపు వ్యాధిచే క్షీణించియుండెను. 1963 జూనులో మరణించెను.

అర్జున పురస్కార మేర్పడినది 1961లో. శిక్షకులకు ద్రోణాచార్య పురస్కార మేర్పడుటకు 1985 రావలసివచ్చినది. శిష్యులను ముందు నిలిపి, గురువు నిరువదినాలుగేండ్లు వెనుక నుంచిరి. (ద్రోణునికి అర్జునుడే కాక యేకలవ్యుడును శిష్యభావముతో నుండెనని పేరు పెట్టినవారు తలచినట్లు లేదు.) హైదరాబాదు ఫుట్‌బాలు ఆటగాండ్రలో యూసుఫ్‌ఖాను 1966లోను, పీటర్ తంగరాజు 1967లోను, నయీముద్దీను 1970లోను అర్జున పురస్కారమును బడసిరి. నయీముద్దీనునకు శిక్షకుడుగా 1990లో ద్రోణాచార్యయు లభించినది. రహీమునకు ద్రోణాచార్య స్థాపననాటికి ఇరువదిరెండేండ్ల క్రిందటనే కాలము చెల్లినది. పద్మపురస్కారములును సామాన్యముగా మరణానంతర మీయరు. జీవించియున్నపు డీ యెడ నెవ్వరును తలపకపోవుటయే లోపము. పిమ్మటి నియమములు దానిని స్థిరపఱచినవి.

సోపానకాంక్ష మాత్రము తొలగలేదు. పద్మశ్రీనుండి పద్మభూషణమునకు ఐదేండ్ల వ్యవధి యుండవలెనను నియమమునుగూర్చి 2015లో హైదరాబాదు క్రీడాకారిణి సైనా నెహ్వాలు విషయమున వాదము చెలరేగినది. మఱుసటియేట ఆమెకును సానియా మీర్జాకును ఒకే పట్టికలో పద్మభూషణము వచ్చినది. పుల్లెల గోపీచందునకు 2005లో పద్మశ్రీ, 2014లో పద్మభూషణము, పి.వి. సింధునకు 2015లోను, 2020లోను ఆ రెండే. జంగునుండి దౌలాకు ఎక్కుటకు ఆ దినములలో జరిగిన యెదురుచూపులను ఈ మెట్లు తలపింపకపోవు. అయినను ఒక భేదము కలదు. సింధు నేడును సింధువే.

మఱియొక విపర్యయము చిత్రమైనది. మేజర్ ధ్యాన్‌చందుకు 1956లో పద్మభూషణము వచ్చినది. 2002లో ఆయన పేర నొక పురస్కారము వెలసెను. 2021లో ఖేల్‌రత్నకును ఆయన పేరే పెట్టిరి. పాతబస్తీలో బిరుదము పేరయ్యెను. ఇచట పేరు పురస్కారమయ్యెను. మేజరను ముందుపదము సైనికమైనది గావున రాజ్యాంగమున కడ్డురాదు.

రహీము కుమారుడు సయ్యద్ షాహిద్ హకీము 1960 రోము ఒలింపిక్సు జట్టులోనివాడు, వాయుసేనలో స్క్వాడ్రన్ లీడరు. 2017లో ఆయనకు ధ్యాన్‌చంద్ పురస్కారము లభించినది, 2021లో మరణించెను. తండ్రిని పాతబస్తీవారు రహీంసాహెబని యనుచుండిరి. ఆ సాహెబు పదమును ఏ ప్రభుత్వమును ఈయలేదు. 2024లో ఆయన చరిత్రము నాధారము చేసికొని యొక హిందీ చలనచిత్రము వెలువడినది. దానికి మైదాన్ అని పేరు పెట్టిరి.