ఛాయాచిత్రానికి రంగు అంచు
ఛాయాచిత్రానికి రంగు అంచు అనగా ముద్రించబోయే ఫోటో చుట్టూ కంప్యూటరు సాఫ్టువేరు సహాయంతో చేర్చే రంగు పట్టీ. ఇది అలంకారము మాత్రమే కాదు. ముద్రణలో ఫోటో కత్తిరింపుకు గురికాకుండా కూడా కాపాడుతుంది.

అవసరము

అనేక డిజిటల్ కెమెరాలు, మొబైల్ ఫోన్లు తీసే ఫోటోల నిష్పత్తి 4:3. ముద్రణకు వాడే 6×4 అంగుళాల కాగితపు నిష్పత్తి 3:2. కాగితమంతా నిండేలా ముద్రిస్తే అడ్డంగా తీసిన ఫోటో ఎత్తులో తొమ్మిదవ వంతు పోతుంది. బృంద చిత్రాలలో వెనుక వరుసవారి తలలు తెగిపోవడానికి ఇది ఒక కారణము.

విధానము

అంగుళానికి 300 పిక్సెళ్ళ చొప్పున 6×4 కాగితానికి 1800×1200 పిక్సెళ్ళు కావాలి. మొదట ఫోటోను 1400×1050 పిక్సెళ్ళకు మార్చాలి. తరువాత కాన్వాసును 1800×1200కు పెంచి, ఫోటోను మధ్యలో ఉంచాలి. అప్పుడు పైన, క్రింద 75 పిక్సెళ్ళు, అనగా పావు అంగుళము, ఇరుప్రక్కల 200 పిక్సెళ్ళ అంచు ఏర్పడుతుంది.

* అడోబీ ఫోటోషాప్: ఇమేజ్ మెనూలోని కాన్వాస్ సైజ్ ద్వారా కొలతలను, అంచు రంగును ఎంచుకోవచ్చును.
* గింప్: ఈ ఉచిత సాఫ్టువేరులో అదే పేరుగల ఆదేశంతో కాన్వాసును పెంచి, ఫోటో పొర క్రింద రంగు నింపిన కొత్త పొరను ఉంచాలి.

జాగ్రత్తలు

* ఫోటో లోపలి వైపు గీసే అంచు చిత్రంలో కొంత భాగాన్ని కప్పివేస్తుంది. కాన్వాసును పెంచితే ఆ నష్టము ఉండదు.
* కాగితము అంచుల వరకు ముద్రించే యంత్రాలు చిత్రాన్ని కొద్దిగా పెద్దది చేస్తాయి. అందువలన మరీ సన్నని అంచు ఒక ప్రక్క తెగిపోవచ్చును.
* అసలు ఫోటోను మార్చక, నకలును వేరే పేరుతో భద్రపరచాలి.