నాలుగవనాటి ఆట

కదిరినుండి మదనపల్లెకు పోవు బాటమీద, వేరుశనగ చేలును బోడికొండలును ఇరువైపుల తోడురాగా కనబడు తనకల్లు, మార్చి మాసమున కన్నులపండువగా నుండు ఊరు కాదు. చేలలో పంట యుండదు; చెరువులో నీరుండుట ఆ యేటి వానను బట్టి; కదిరి నృసింహస్వామికి బ్రహ్మోత్సవములు జరుగు ఫాల్గుణమగుటచే జనుల మనస్సు తేరుమీద నుండును. ఆ దినములలో చేతినిండ పని యున్నదన్నచో అది చింతపండు పనియే. కాయ దులిపి, పెంకు తీసి, ఈనెలు లాగి, గింజ కొట్టి, కరిపులిని వేరుగను ఫ్లవరు రకమును వేరుగను హిందూపురము మార్కెట్టునకు పంపువరకు చేతులకు తీరిక లేదు గాని, చెవులు మాత్రము ఖాళీగనే యుండును. ఈ సీమలోనికి క్రికెట్టు ఆట మొదట చెవిద్వారముననే ప్రవేశించినదని నా నమ్మకము.

ధర్మవరమున మగ్గపు గుంటలో కాళ్లుంచి పట్టు నేయువారికిని, పెనుకొండ కోటక్రింది టీ అంగళ్లలో నిలుచువారికిని ఆకాశవాణి వ్యాఖ్యానమే మైదానముగ నుండెను. ఆ వ్యాఖ్యానము కొంతసేపు ఆంగ్లమునను కొంతసేపు హిందీలోను సాగుచుండ, హిందీ వంతు వచ్చినప్పుడు ఉర్దూ ఎరిగిన ఇరుగుపొరుగు ముసల్మానులు తక్కినవారికి తాత్పర్యము చెప్పెడివారు. తాత్పర్యమందనివారికి రెండే ప్రశ్నలు: "ఎంతాయప్పా స్కోరు? ఎంతమంది పోయిరి?" అంకెలకు ఏ భాషయైన నేమి! దూరదర్శన్ వచ్చిన పిదప కూడ, కరెంటును నమ్మజాలని పల్లెలలో సెల్లు వేసిన రేడియో తన పదవిని చాలకాలము వదలుకొనలేదు.

ఇట్టి శ్రోతలకు 2001వ సంవత్సరమున స్టీవ్ వా నాయకత్వమున వచ్చిన ఆస్ట్రేలియా జట్టు ఒక దిగ్విజయ సైన్యమువలె వినబడెను. వరుసగ పదునైదు టెస్టులు గెలిచి వచ్చిన ఆ జట్టు, బొంబాయిలో మూడుదినములలోనే పది వికెట్ల తేడాతో గెలిచి ఆ సంఖ్యను పదునారు చేసినది. మార్చి 11న కలకత్తా ఈడెన్ తోటలో రెండవ టెస్టు మొదలయ్యెను. హర్భజన్ సింగ్ వరుస బంతులలో పాంటింగును, గిల్‌క్రిస్టును, వార్నును పడగొట్టి, టెస్టులలో హ్యాట్రిక్ సాధించిన తొలి భారతీయుడయ్యెను. ఐనను ప్రత్యర్థులు 445 పరుగులు చేసిరి. మనవారు 171 పరుగులకే కూలిపోయి, 274 పరుగుల లోటుతో ఫాలో ఆన్ ఆడవలసి వచ్చెను.

ఇచ్చట ఒక్క క్షణము నిలువవలయును. ఆ 171లో 59 పరుగులు ఆరవస్థానమున దిగిన వంగీపురపు వెంకట సాయి లక్ష్మణునివి. వికెట్లు ఒకటొకటిగ రాలుచుండ, తోడు నిలుచువారు లేకున్నను, బంతిని అదియేదో నేర్పిన విద్యవలె గాక పుట్టుకతో వచ్చిన అలవాటువలె ఆడి, చిట్టచివరి వికెట్టుగ వెనుదిరిగి వచ్చుచున్న ఆ యువకుని చూచి, శిక్షకుడు జాన్ రైట్, కాళ్లకు కట్టిన ప్యాడ్లు విప్పవలదనియు రెండవ ఇన్నింగ్సున మూడవస్థానమున నీవే పోవలయుననియు చెప్పెను. మూడవస్థానము ద్రావిడునిది, ద్రావిడుడు ఆరవస్థానమునకు దిగెను. ఈ మార్పునకు కారణము ఆ 59 పరుగులే. కథ చెప్పుకొనువారు దీనిని సామాన్యముగ దాటిపోవుదురు.

మూడవనాటి సాయంకాలమునకు స్కోరు నాలుగు వికెట్లకు 254. లక్ష్మణుడు 109తో నిలిచియుండెను. మరునాడు, అనగా మార్చి 14వ తేదీ బుధవారమున, అప్పటికి తనకల్లు సీమలో అడుగుచుండిన రెండు ప్రశ్నలలో మొదటిదానికి గంట గంటకు జవాబు మారెను గాని, రెండవదానికి ఉదయమునుండి సాయంకాలమువరకు ఒకటే జవాబు: నలుగురు. మెక్‌గ్రాత్, గిలెస్పీ, కాస్ప్రోవిచ్, వార్న్ అను నలువురును, వారు అలసినపుడు తక్కినవారును బంతులు విసరి విసరి ఒక్క వికెట్టును తీయలేక 335 పరుగులిచ్చుకొనిరి. ఆట ముగియునప్పటికి స్కోరు 589. లక్ష్మణుడు 275, ద్రావిడుడు 155.

ఆ ఆటలో ఒక్క అంశమును దగ్గరగ చూడుడు. షేన్ వార్న్ కాలిజాడలచే గరుకుదేలిన నేలపై, కుడిచేతి ఆటగాని కాళ్ల వెనుక బంతిని పడవేసి లోనికి త్రిప్పును. వివేకియైనవాడు దానిని ప్యాడుతో అడ్డగించి ఊరకుండును. లక్ష్మణుడు క్రీజు విడిచి ముందునకు వచ్చి, తిరుగుటకు పూర్వమే బంతిని అందుకొని, తిరుగు దిక్కుననే కవరు మీదుగ కొట్టెను; తరువాతి బంతి అచ్చముగ అట్టిదే వచ్చినచో మణికట్టు త్రిప్పి, తిరుగు దిక్కునకు ఎదురుగ మిడ్‌వికెట్టు వైపునకు పంపెను. ఒకే బంతికి రెండు దిక్కులున్నచో ఫీల్డరు ఎచ్చట నిలుచును? ఆ ఇన్నింగ్సున వార్న్ 34 ఓవర్లలో 152 పరుగులిచ్చి ఒక్క వికెట్టుతో సరిపెట్టుకొనెను. ఇంతయు, నడుము పట్టివేయగా ఫిజియో ఆండ్రూ లైపస్ చేతిచికిత్సతో నిలువగలిగిన మనుష్యుడు చేసిన పని. ఎదుట నున్న ద్రావిడునకు జ్వరము.

ఐదవనాటి ఉదయమున 376 పరుగుల వారి భాగస్వామ్యము ముగిసెను. లక్ష్మణుని 281 పరుగులు, 452 బంతులు, 44 ఫోర్లు. 1983లో మద్రాసున గవాస్కరు చేసిన 236 అంతవరకు భారతీయులలో అత్యధికము. 384 లక్ష్యముతో దిగిన ఆస్ట్రేలియా 166 పరుగులవరకు మూడే వికెట్లు కోల్పోయియుండియు 212కు ముగిసి, 171 పరుగుల తేడాతో ఓడెను. ఫాలో ఆన్ ఆడిన జట్టు గెలుచుట అంతకుముందు టెస్టుచరిత్రలో రెండేసార్లు: 1894లో సిడ్నీలోను, 1981లో హెడింగ్లీలోను.

హైదరాబాదువాడైన ఆ వైద్యదంపతుల కుమారుని ఈ సీమవారు తమవానిగ తలచుటకు తెలుగువాడగుట ఒక్కటే కారణము కాదు. ఆయన పేరున "సాయి" కలదు. ఆయన పుట్టపర్తి బాబా భక్తుడు. ఆ పుట్టపర్తిలోనే 1997 డిసెంబరు 30న హిల్ వ్యూ మైదానమున భారతజట్టును అంతర్జాతీయ జట్టును పోటీపడగా, రేడియోలో వినుచుండిన పేర్లకు ముఖములున్నవని ఇచ్చటి జనులకు కన్నులార తెలిసివచ్చినది. బంధుత్వమునకు ఇంత చుట్టరికము చాలును గదా!

ఐతే జ్ఞాపకము మిక్కిలి పక్షపాతి. కలకత్తా గెలుపుతోనే సిరీసు ముగిసినట్లు మాటలాడువారిని నేను చాలమందిని విన్నాను. ముగియలేదు. చెన్నపట్టణమున మాథ్యూ హేడెన్ 203 పరుగులు చేసెను. సచిన్ 126తో బదులిచ్చెను. హర్భజన్ ఆ ఒక్క టెస్టుననే పదునైదు వికెట్లు తీసెను. 155 పరుగుల చిన్న లక్ష్యమునకు మనవారు తడబడుచుండ లక్ష్మణుడు 66 చేసి, మార్క్ వా పట్టిన అద్భుతమైన క్యాచికి వెనుదిరిగెను. సమీర్ దీఘే నిలువగా, గెలుపు పరుగులు హర్భజనే తీసి, రెండు వికెట్ల తేడాతో సిరీసును 2–1గా ముగించెను. 32 వికెట్లు తీసిన అతనికే సిరీస్ ఉత్తమ క్రీడాకారుని గౌరవము దక్కుట న్యాయము. 503 పరుగులు చేసిన లక్ష్మణునకు అన్యాయము జరిగినదని ఇచ్చటి అభిమానులు చేయు వాదమునకు నేను తలయూపజాలను.

ఒక్క మనవి మాత్రము కలదు. 281 సంగతి పిల్లలకు చెప్పు పెద్దలు, అంతకు ముందటి ఇన్నింగ్సులోని 59 పరుగుల సంగతి కూడ తప్పక చెప్పవలయును.