చేప ఒంటి మీది జిగురు

తెల్లవారుజామున మూడు కావస్తోంది. గదిలో దీపాలు ఆర్పేశారు. ఉప్పునీటి తొట్టిలో పంపు సన్నగా రొద పెడుతోంది. ఎర్ర టార్చి వేసి అద్దానికి దగ్గరగా జరగండి. రాళ్ల సందులో పౌడర్ బ్లూ ట్యాంగ్ ఒక పక్కకి ఒరిగి పడుకుంది, మొప్పలు మాత్రం ఆడుతున్నాయి. లక్షద్వీప్, మాల్దీవుల పగడపు దిబ్బల మీద రోజంతా నాచు మేస్తూ తిరిగే చేప ఇది. ఇసుక మీద మాండరిన్ చేప కదలకుండా ఉంది. ఆ మూలనున్నది కుందేలు చేప, సిగానస్ ఒరామిన్. దాని ఒళ్లంతా మరకలు చూసి కంగారుపడకండి. నిద్రలో ఈ జాతి అలా రంగు మార్చుకుంటుంది.

సరిగ్గా ఈ వేళకే ఇసుకలో తిత్తులు పగులుతున్నాయి. తెల్లమచ్చల వ్యాధి తెచ్చే క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ అనే ఏకకణ జీవి తిత్తులవి. రాత్రి రెండుకీ ఉదయం తొమ్మిదికీ మధ్యే ఎక్కువగా పగులుతాయి. చేపలు అడుగున నిశ్చలంగా ఉండే సమయం కదా! ఒక్కో తిత్తిలోంచి రెండు వందల పైచిలుకు పిల్లలు రావచ్చు. ఒక్కొక్కటీ మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చస్తాయి.

ట్యాంగ్ దొరికింది. నిమిషాల్లో పై చర్మం కిందికి దూరిపోతాయి. ఆ చేప ఒంటి మీంచి రవ్వంత జిగురు గీసి మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే, గుండ్రటి నల్లని జీవి నెమ్మదిగా గిరగిరా తిరుగుతూ కనిపిస్తుంది. లోపల దాని కేంద్రకం నాలుగు పూసలు గుచ్చినట్టు ఉంటుంది. తిరుగుతూనే చేప కణజాలాన్ని తింటుంది. మూడు నుంచి ఏడు రోజులు అలా బలిసి, రాలి, కింద మళ్లీ తిత్తి కట్టుకుంటుంది. మనం పైనుంచి చూసే తెల్ల చుక్క, చర్మం కింద బలిసే ఆ జీవే.

ఇప్పుడు టార్చి మాండరిన్ మీదికి తిప్పండి. దీనికి పొలుసులే లేవు. వాటికి బదులు ఒళ్లంతా దట్టమైన, చేదైన, దుర్వాసన కొట్టే జిగురు. తెల్లమచ్చలు దీనికి పట్టడం అరుదు.

కుందేలు చేప సంగతి ఇంకా గొప్పది. దాని రక్తరసంలోనూ, చర్మపు జిగురులోనూ పరాన్నజీవిని చంపే ఎంజైము ఉందని చైనా పరిశోధకులు తేల్చారు. ఎల్-అమైనో ఆమ్లాలను ఆక్సీకరించే ఆ ఎంజైము పనిచేస్తే హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. మనం పుండ్లు కడగడానికి వాడే మందే! ఈ ఎంజైము తగిలితే పరాన్నజీవి పిల్ల ఈదే రోమాలు ఆగిపోతాయి, పొర పగిలి లోపలి సరుకు కారిపోతుంది.

పుట్టుకతో ఇలాంటి రక్షణ లేనివీ నేర్చుకుంటాయి. 1990లలో ఇంగ్లండులోని ప్లిమత్‌లో బర్జెస్, మాథ్యూస్ అనే శాస్త్రవేత్తలు మందపెదవి ముల్లెట్ చేపలకు ఈ వ్యాధి సోకించి చూశారు. ఒకసారి తట్టుకుని బతికిన చేపల్లో చాలావాటికి రెండోసారి అంతగా అంటలేదు. ఆరు నెలల తర్వాత కూడా కొంత రక్షణ మిగిలింది. అయితే మచ్చ లేదంటే రోగం లేదని కాదు. గట్టిపడిన చేప మొప్పల్లో ఒకటి రెండు దాక్కునే ఉండొచ్చు, కొత్తగా వచ్చిన ట్యాంగ్‌కి అవి చాలు.

తెల్లారింది, దీపాలు వేశారు. వల అందుకుంటున్నారా? ఆ పని మాత్రం చేయకండి. వల దారాలు రాసుకున్న చోటల్లా జిగురు ఊడిపోతుంది. తరిమితే కలిగే ఒత్తిడికి లోపలి రోగనిరోధక శక్తి కూడా తగ్గుతుంది. చేపకున్న మొదటి కవచాన్ని మన చేతులతో మనమే ఒలిచేస్తామా? పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాను నీళ్లలో ముంచి, ట్యాంగ్ దానంతటదే లోపలికి వచ్చేలా చూడండి. వేరే తొట్టిలో వేసి, మూడు రోజులకోసారి ఆరబెట్టిన కొత్త తొట్టికి మార్చండి. రాలిన తిత్తులు పగిలేలోగా చేప అక్కడ ఉండకూడదు. ఇలా నాలుగు మార్పిళ్లు.

మిగతా రెండింటినీ తీసేయాల్సిందే, అవి ఎంత దిట్టమైనవైనా. ఇసుక, రాళ్లు, పగడాలు ఇక్కడే ఉంటాయి. ప్రయోగశాలలో తిత్తులు 72 రోజుల దాకా పగులుతూ వచ్చాయి. అన్నాళ్లూ దాటేదాకా ఈ తొట్టిలో ఒక్క చేపనూ వేయకండి.