కలము, కత్తెర

డెన్మార్కు కథకుడు హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ పేరు మనమందరము ఎరిగినదే. ఆతని కత్తెరను గూర్చి మనము వినినది తక్కువ.

ఆతడు 1805లో ఓడెన్సె పట్టణమున చెప్పులు కుట్టువాని ఇంట జన్మించినాడు. తల్లి నదిలో పరుల బట్టలుతికి జీవించినది. నటుడు కావలెనని 1819లో ఒంటరిగా కోపెన్‌హాగెన్ చేరినాడు. ఆ కోరిక ఫలింపలేదు. 1835లో పిల్లల కథల తొలి పుస్తకము వెలువడినది.

పదిమందిలో కథ చెప్పుచునే కాగితము మడిచి కత్తిరించెడివాడు. మడత విప్పగనే హంసలు, నర్తకులు, కోటలు కనిపించెడివి. వానిలో పెక్కింటిని ఓడెన్సెలో నేటికిని భద్రపరచియున్నారు.

తల్లి 1833లో మరణించినది. దాదాపు రెండు దశాబ్దములకు ఆతడు ఒక కథ వ్రాసినాడు. చన్నీటిలో నిలిచి బట్టలుతుకుచు, చలికి తాళలేక మద్యము త్రాగిన స్త్రీని ఊరిపెద్ద పనికిమాలినదనును. ఆమె మంచిదేయని కథ చివర స్నేహితురాలు బిడ్డకు చెప్పును. కన్నతల్లి పక్షమున ఆండర్సన్ పలికిన సాక్ష్యముగా ఆ మాటను మనము వినవలెను.