గేటు దగ్గరే పడే ముద్ర

నిర్మల్ బస్టాండులో ఎవరైనా "మా పిలగానికి ట్రిపుల్ ఐటీల సీటొచ్చింది" అన్నారనుకోండి. అవతలివాళ్లు సంతోషపడే ముందు ఒక ప్రశ్న వేస్తారు: "గచ్చిబౌలిదా, బాసరదా?" గచ్చిబౌలి అంటే "ఇంకేంది, లక్షల జీతం" అంటారు. బాసర అంటే "టెన్త్‌ల మంచి మార్కులొచ్చినట్టున్నయ్, తిండి ఖర్చు లేదు, నయమే" అంటారు. రెండూ మెచ్చుకోళ్లే. కానీ రెండోది ఒక మెట్టు కిందనుంచి వచ్చిన మెచ్చుకోలని వినేవాడికి తెలిసిపోతుంది.

చిత్రమేమిటంటే ఆ రెండు చదువుల వెనకా ఉన్న పెద్దమనిషి ఒక్కడే. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కృత్రిమ మేధలో చేసిన పనికి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి. 1998లో హైదరాబాద్‌లో పుట్టిన ట్రిపుల్ ఐటీకి పాలకమండలి అధ్యక్షుడిగా ఉన్నదీ, 2008లో ఉమ్మడి రాష్ట్రం పెట్టిన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి, అంటే మనం ముద్దుగా 'బాసర ట్రిపుల్ ఐటీ' అనుకునే దానికి, తొలి చాన్సలర్ అయిందీ ఆయనే. మార్గదర్శి ఒక్కడైనా పిల్లల మీద పడ్డ ముద్రలు మాత్రం రెండు. వాళ్లు లోపలికొచ్చిన తలుపులు వేరు కాబట్టి ముద్రలూ వేరయ్యాయి. గచ్చిబౌలి తలుపు దేశమంతా రాసే పోటీ పరీక్షలకు తెరుచుకుంటుంది. బాసర తలుపు పదో తరగతి మార్కులకు తెరుచుకుంటుంది.

చదువుకున్న చోటును బట్టి ముద్ర వేయడం కొత్త సంగతి కాదు. ఆక్స్‌ఫర్డ్ అంటే ప్రధానమంత్రులనీ, కేంబ్రిడ్జి అంటే లెక్కలూ సైన్సూ అనీ ఇంగ్లండు వాళ్లు తరతరాలుగా చెప్పుకుంటూనే ఉన్నారు. మన దగ్గర అదే ఆట ఇంకాస్త ఘాటుగా, భాషల మధ్య నడిచింది.

నిజాం కాలేజీ 1887లో మొదలైంది. తొలి ప్రిన్సిపాల్ అఘోరనాథ్ చటోపాధ్యాయ, సరోజినీ నాయుడి తండ్రి. నిజాం పేరు పెట్టుకున్నా ఆ కాలేజీ పిల్లలు పరీక్షలు రాసింది మద్రాసు విశ్వవిద్యాలయానికి, అదీ ఇంగ్లీషులో. ఆపైన 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయ స్థాపనకు ఫర్మానా వచ్చింది. 1919 ఆగస్టు 28న గన్‌ఫౌండ్రీలో, నిజాం కాలేజీకి కూతవేటు దూరంలో, 225 మంది ఇంటర్మీడియట్ విద్యార్థులతో తరగతులు మొదలయ్యాయి. ఇక్కడ బోధన ఉర్దూలో. లెక్కలు, చరిత్ర, తర్వాత వైద్యం, ఇంజినీరింగు కూడా ఉర్దూలోనే. దేశభాషలో ఉన్నత విద్య చెప్పిన తొలి ఆధునిక విశ్వవిద్యాలయాల్లో అదొకటి. అందుకోసం 1917లోనే ఒక అనువాద సంస్థ పెట్టి, మౌల్వీ అబ్దుల్ హక్ పెద్దరికంలో ఇంగ్లీషు పుస్తకాలను ఉర్దూలోకి దింపారు. ఎంత పెద్ద పనో ఇప్పటికీ తెలుగు మాధ్యమంలో ఒక్క వైద్య పాఠ్యపుస్తకం సరిగ్గా లేని మనకు బాగా తెలియాలి.

అలా ఒకే పేటలో రెండు రకాల కుర్రాళ్లు తయారయ్యారు. నిజాం కాలేజీ కుర్రాడంటే దొరల కొడుకు, ఇంగ్లీషు మాట, చేతిలో క్రికెట్ బ్యాటు. ఉస్మానియా కుర్రాడంటే షేర్వానీ, షాయరీ, సర్కారు కొలువు మీద కన్ను, ప్రభువు మీద భక్తి. వాళ్లు వీళ్లను మొరటువాళ్లన్నారు, వీళ్లు వాళ్లను తెల్లదొరల నకళ్లన్నారు. నిర్మల్ తాలూకా నుంచి వెళ్లిన పిల్లవాడికి ఈ తగాదాలో చోటెక్కడ? ఇంట్లో తెలుగు, అంగట్లో ఉర్దూ, పడమటికి పోతే మరాఠీ. ఇంగ్లీషూ ఉర్దూ రెండూ అతనికి అరువు భాషలే. తెలంగాణలో ఎక్కువమంది మాట్లాడే తెలుగులో చదువు చెప్పే విశ్వవిద్యాలయం మాత్రం ఆ రెండింటిలో ఏదీ కాదు. ఆ కోణంలో చూస్తే ఇద్దరూ ఒకే వైపు నిలబడ్డట్టే. (ఆదిలాబాద్ అడవుల్లో సొంత భాషలో చదువన్నది వేరే దారిన వచ్చింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం పెట్టించిన హైమన్‌డార్ఫ్ ఆ తర్వాత ఉస్మానియాలోనే మానవశాస్త్ర ఆచార్యుడయ్యాడు.)

రాజభక్తి ముద్ర ఎంతకాలం నిలిచింది? ఇరవై ఏళ్లు కూడా కాదు. అందోలు నుంచి వచ్చిన మఖ్దూం మొహియుద్దీన్ 1930లలో అక్కడే ఎం.ఏ. చదివి, ఉర్దూలోనే కవిత్వం రాస్తూ కమ్యూనిస్టయ్యాడు. 1938 చివర్లో ఉస్మానియా హాస్టల్లో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను వెళ్లగొట్టారు. ఔరంగాబాదు, వరంగల్‌లలోనూ అలజడి రేగి, వందలమంది చదువులు ఆగిపోయాయి. వాళ్లలో చాలామందికి తలుపు తీసింది నాగపూర్ విశ్వవిద్యాలయం. మన నిర్మల్ మీదుగా ఉత్తరానికి పోయే రోడ్డు మీద ఉన్న ఊరదే. అప్పటి కరీంనగర్ జిల్లా వంగర కుర్రాడు పి.వి. నరసింహారావు ఆ ఉద్యమంలో బయటికొచ్చి, చివరికి నాగపూర్‌లో లా చదివాడు. ప్రభుభక్తులను తయారుచేస్తుందని పేరుపడ్డ ఆవరణ ప్రభువుకే తలనొప్పి అయింది.

1939 డిసెంబరులో ఆర్ట్స్ కాలేజీ భవనం తెరిచేసరికే ఆ అలజడి ముదిరింది. 1947లో నిజాం కాలేజీ ఉస్మానియా గొడుగు కిందికొచ్చింది, మరుసటేడు పోలీసు చర్య తర్వాత ఉర్దూ బోధన పోయింది. పాత వైరానికి ఆధారమైన భాష పోయాక ముద్రలు మాత్రం పోలేదు, కొత్త బట్టలు కట్టుకున్నాయి. నిజాం కాలేజీ అంటే స్టైలు (అజహరుద్దీన్ అక్కడి విద్యార్థే మరి), ఆర్ట్స్ కాలేజీ అంటే జెండాలు. 1969 తెలంగాణ ఉద్యమం, 1972లో విద్యార్థి నాయకుడు జార్జి రెడ్డి హత్య, 2009లో మళ్లీ తెలంగాణ ఉద్యమం — ప్రతిసారీ ఉస్మానియా ఆవరణలోనే దృశ్యం. టీవీ కెమెరా ఆర్ట్స్ కాలేజీ మెట్ల దగ్గరే ఆగిపోతుంది. లైబ్రరీలో అన్నం డబ్బా పక్కన పెట్టుకుని పొద్దంతా గ్రూప్స్‌కు చదివే వాళ్లు సభలో ఉన్నవాళ్లకన్నా ఎక్కువే ఉంటారు. వాళ్ల మీద ఎవరూ సినిమా తీయలేదు.

మన ఉత్తర తెలంగాణకు దగ్గరి కథ వరంగల్‌ది. 1959 అక్టోబరు 10న నెహ్రూ అక్కడ ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలకు (ఆర్‌ఈసీ) శంకుస్థాపన చేశాడు. దేశంలో ఆ వరసలో మొదటిది. సగం సీట్లు మన రాష్ట్రానికి, సగం మిగతా రాష్ట్రాలకు. పక్కనే ఉన్న ఉస్మానియా పీజీ సెంటరు 1976 ఆగస్టు 19న కాకతీయ విశ్వవిద్యాలయం (కేయూ) అయింది. ఆదిలాబాద్ జిల్లా కాలేజీలన్నీ దాని కిందికెళ్లాయి. ఆర్‌ఈసీ వాడంటే హిందీ, ఇంగ్లీషు, అమెరికా దరఖాస్తు. కేయూ వాడంటే తెలుగు, గోడల మీద నినాదం, జోలె సంచి, పోలీసుల రికార్డులో పేరు. మా వైపు తల్లిదండ్రులు "కేయూల వేస్తే పిలగాడు అడివిల కలుస్తడు" అని భయపడేవాళ్లు. ఆర్‌ఈసీలో వేస్తే ఇక భయం లేదనుకునేవారు.

మరి లెక్క చూడండి. 1975లో గిరాయిపల్లి అడవిలో పోలీసు కాల్పుల్లో చనిపోయిన సూరపనేని జనార్దన్ ఆర్‌ఈసీ విద్యార్థి. మావోయిస్టు అగ్రనేత ఆజాద్‌గా పేరుపడ్డ చెరుకూరి రాజ్‌కుమార్ చదివింది ఆర్‌ఈసీలో. 2010 జులైలో ఆయన చనిపోయింది మన ఆదిలాబాద్ జిల్లా అడవుల్లోనే. ఆ పార్టీకి ప్రధాన కార్యదర్శిగా ఉండి 2025 మేలో చనిపోయిన నంబాళ్ల కేశవరావుదీ ఆర్‌ఈసీ పట్టానే. తల్లిదండ్రులు నమ్ముకున్న ముద్ర ఇంతగా తలకిందులైంది. భయపడాల్సిన ఆవరణ, భయపడనక్కర్లేని ఆవరణ అని ఎవరు విడదీశారో గానీ, అడవి ఆ లెక్క చూసుకోలేదు.

ఇక బాసర. ఉమ్మడి రాష్ట్రంలో మూడు ప్రాంతాలకు మూడు ప్రాంగణాలు: కోస్తాకు నూజివీడు, సీమకు ఇడుపులపాయ, తెలంగాణకు బాసర. ఒక్కోదానికి 2,000 చొప్పున తొలి ఏడాదే 6,000 మంది. ఇంటర్ చదువూ ఇంజినీరింగూ కలిపి ఆరేళ్లు. ఎంసెట్ లేదు, కోచింగు లేదు. ప్రభుత్వ బడిలో చదివినవాళ్లకు జీపీఏకు 0.4 అదనంగా కలిపేవారు. పల్లె బడి పిల్లను ఆ గేటులోంచి లోపలికి తెచ్చింది ఈ చిన్న అంకే. కార్పొరేటు కాలేజీ పద్ధతికి అలవాటుపడ్డ పట్నం వాళ్లకు మాత్రం అదే అంకె వంకయింది. "మార్కులిచ్చి తెచ్చుకున్న పిల్లలు", "ఇంగ్లీషు రాదు", "పదిహేనేళ్లకే ల్యాప్‌టాప్ ఇస్తే ఏం చేసుకుంటరు" అన్నారు.

చేరే రోజున ఆ గేటు దగ్గర నిలబడితే సంగతి ఇంకోలా కనిపిస్తుంది. రేకు పెట్టె, ప్లాస్టిక్ బకెట్, చుట్టిన పరుపు. సరస్వతమ్మ గుడిలో దండం పెట్టుకుని, కుంకుమ బొట్టు ఆరకముందే వచ్చిన తల్లులు. తమ ఊరి బడిలో మొదటి ర్యాంకు వచ్చిన పిల్ల, ఇక్కడ అందరూ మొదటి ర్యాంకు వాళ్లేనని తెలిశాక కొంచెం బిక్కమొహం వేసే ఘడియ అది. "మంచిగ తిను బిడ్డా, ఫోన్ చెయ్యి" అంటుంది తల్లి. ఆ పిల్ల తలూపుతుంది, కళ్లు మాత్రం హాస్టలు వైపు.

ఇలాంటి పిల్లల మీద మరో ముద్ర కూడా ఉండేది: నోరు లేనివాళ్లు, చెప్పినట్టు వింటారు. 2022 జూన్ 14న వేలమంది గేటు లోపలే కూర్చున్నారు. పూర్తికాలపు వీసీ, సరిపడా అధ్యాపకులు, మంచి మెస్... డిమాండ్లు పన్నెండు. ఎండకు ఎండి, వానకు తడిసి వారం పాటు కదల్లేదు. రాయి పడలేదు, అద్దం పగల్లేదు. 20వ తేదీ రాత్రి అప్పటి విద్యాశాఖ మంత్రి సబితా ఇంద్రారెడ్డి వచ్చి కూర్చుని మాట్లాడాకే లేచారు. అణకువ అంటే ఏమిటో మనం తప్పుగా అర్థం చేసుకున్నామని నాకు ఆ వారంలో అనిపించింది. చెప్పినట్టు వినే అలవాటే, బహుశా, వాళ్లను వారం రోజులు చెక్కుచెదరని వరసలో కూర్చోబెట్టింది. ఉస్మానియా మెట్ల మీద ఆ క్రమశిక్షణ ఎన్నడూ చూడలేదు.

గచ్చిబౌలితో పోలిక మాత్రం ఇప్పటికీ తెగలేదు. బాసర పిల్లలు ఉద్యోగ ఇంటర్వ్యూల్లో ఆ ప్రశ్నకు అలవాటుపడిపోయారు: "యూ మీన్, ఆ హైదరాబాద్ ట్రిపుల్ ఐటీనా?" కాదండీ, గోదావరి ఒడ్డున ఉన్నది.

2025-26 ప్రవేశాల ప్రకటనలో బాసర పక్కన మహబూబ్‌నగర్ పేరు కూడా చేరింది, అక్కడొక కొత్త ప్రాంగణం మొదలైంది. అంటే ఇన్నేళ్లూ చిన్నవాళ్లుగా చూడబడ్డ బాసర పిల్లలు ఇప్పుడు పెద్దన్నలు. పాలమూరు పిల్లల మీద వాళ్లే ముద్ర వేస్తారో, పాలమూరు వాళ్లు వీళ్లను "గోదారోళ్లు" అని పిలుస్తారో ఇంకా తేలలేదు.